ఇంట్లో ఉండే యాంటీసెప్టిక్ మందులు – నాలుగు మాటలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం సంపాదకవర్గం కోరగా వక్త స్వయంగా రాసి ఇచ్చినది.)



పెన్షను, డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు – ఈ మూడు అంశాలూ అయిన తరువాత, భోజనాలకు ముందు మిగిలిన అరగంట నాకు కేటాయించారు. ఆకలి మీదున్న వారిని ఎక్కువసేపు కూర్చోబెట్టడం పాపమని నాకూ తెలుసు. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్పై ఏళ్లకు పైగా ఫార్మసిస్టుగా పనిచేసినవాణ్ణి. రోగాల గురించి ఉపన్యసించే అర్హత నాకు లేదు. సీసాల గురించి మాత్రం చెప్పగలను. మనందరి ఇళ్లలోనూ ఏదో ఒక అలమారలోనో, స్నానాల గదిలోనో ఉండే యాంటీసెప్టిక్ సీసాల గురించే ఈవేళ చెప్పదలిచాను.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, మన సంఘంలోనే ఒక మాస్టారు గారున్నారు. ఇప్పుడు ఈ హాలులోనే కూర్చున్నారు. పేరు చెప్పను గాని, చెప్పమని వారే అనుమతిచ్చారు. వారికి పదేళ్లుగా షుగరు ఉంది. కొత్త చెప్పు కరిచి కాలి చిటికెన వేలు పక్కన చిన్న పుండు పడింది. నొప్పి లేదు. ఇంట్లో ఉన్న యాంటీసెప్టిక్ ద్రావణాన్ని నీళ్లు కలపకుండా దూదికి తడిపి, పుండు మీద పెట్టి, గట్టిగా కట్టు కట్టుకున్నారు. రోజూ అదే పని. అయిదో రోజుకు వేలు నల్లబడింది. పదిహేను రోజుల తరువాత ఆ వేలు తీసేయవలసి వచ్చింది. "శుభ్రంగా ఉండాలనే గదయ్యా వేసుకున్నాను" అని నాతో అన్నారు. ఆ మాట నన్ను వదలలేదు.

నేను ఈవేళ చెప్పేది ఒక్కటే. ఈ మందులు సూక్ష్మజీవులను చంపుతాయి, నిజమే. కాని ఏది సూక్ష్మజీవో, ఏది మన కండో వాటికి తెలియదు. అందుచేత ఏ మందు, ఎంత పలచన, ఎంతసేపు, ఎప్పుడు మానేయాలి అనేది మనకు తెలియాలి.

పేర్లలో తేడా

ముందు మూడు మాటలు విడదీసుకుందాం. బల్లలు, నేల, పాత్రలు, మరుగుదొడ్లు – ఇటువంటి ప్రాణం లేని వస్తువుల మీది క్రిములను చంపేవి డిసిన్‌ఫెక్టెంట్లు. ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు ఈ కోవలోవి. బతికున్న చర్మం మీద, గాయం మీద వాడటానికి వీలైనవి యాంటీసెప్టిక్‌లు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి లోపలి బాక్టీరియాతో పోరాడేవి యాంటీబయాటిక్‌లు. ఒకదాని పని మరొకటి చేయదు. జ్వరం వచ్చేంతగా ముదిరిన పుండు మీద ఎంత ద్రావణం పోసినా ప్రయోజనం లేదు.

కొన్ని మందులు పలచగా ఉంటే యాంటీసెప్టిక్, చిక్కగా ఉంటే డిసిన్‌ఫెక్టెంట్. మన మాస్టారి వేలు దగ్గర జరిగింది ఇదే. నేలను తుడిచే చిక్కదనంతో పుండును తడిపారు.

ఎలా వచ్చాయి

1847లో వియన్నా నగరంలోని పెద్ద ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు ఉండేవాడు. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు. మొదటి దానిలో డాక్టర్లు, విద్యార్థులు పురుళ్లు పోసేవారు. రెండో దానిలో మంత్రసానులు పోసేవారు. చిత్రమేమిటంటే డాక్టర్లున్న విభాగంలోనే బాలింత జ్వరంతో ఎక్కువమంది చనిపోయేవారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అక్కడ నూటికి 18 మంది పోయారు.

అదే ఏడు ఆయన మిత్రుడైన కొలెచ్కా అనే డాక్టరుకు శవపరీక్ష చేసేటప్పుడు కత్తి గీరుకుని, సరిగ్గా బాలింత జ్వరం లక్షణాలతోనే మరణించాడు. సెమ్మెల్‌వైస్‌కు తట్టింది. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు పురుళ్లు పోస్తున్నారు! మే నెల నుంచి బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో చేతులు కడుక్కున్న తరువాతే ఎవరైనా వార్డులోకి రావాలని నియమం పెట్టాడు. రెండు మూడు నెలల్లో మరణాలు నూటికి రెండుకు తగ్గాయి. అప్పటికి సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ రుజువు కాలేదు. పెద్ద డాక్టర్లు ఆయన మాట చెవిన పెట్టలేదు. మీ చేతుల వల్లే తల్లులు చనిపోతున్నారంటే ఎవరికి నచ్చుతుంది? చివరకు 1865లో ఒక మానసిక చికిత్సాలయంలో, పుండు విషమించి ఆయన చనిపోయాడు.

అదే 1865లో ఆగస్టు 12న స్కాట్లాండులోని గ్లాస్గో ఆసుపత్రికి పదకొండేళ్ల పిల్లవాణ్ణి తెచ్చారు. బండి చక్రం కాలి మీదుగా పోయి, ఎముక విరిగి, పుండు పడింది. ఆ రోజుల్లో అటువంటి కాలు కుళ్లుతుంది, లేదంటే తీసేస్తారు. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ అప్పటికి పాశ్చర్ రచనలు చదివి ఉన్నాడు. కార్లైల్ అనే ఊళ్లో మురుగునీటి కంపు పోవడానికి కార్బాలిక్ ఆసిడ్ వాడుతున్నారని కూడా విన్నాడు. ఆ ఆసిడ్‌లో గుడ్డ తడిపి గాయం మీద కప్పాడు. ఆరు వారాలకు ఎముక అతికింది, కాలు దక్కింది. 1867లో ఆ ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కార్బాలిక్ ఆసిడ్ చర్మాన్ని కాలుస్తోందని లిస్టర్ మొదట్లోనే గమనించి, దాన్ని పలచన చేస్తూ వచ్చాడు. రెండోది, ఆపరేషను గది గాలిలోకి కార్బాలిక్ తుంపరలు చిమ్మే పద్ధతిని ఆయనే ప్రవేశపెట్టాడు. ఆ తుంపరలు పీల్చి డాక్టర్లు, నర్సులు ఇబ్బందిపడేవారు. 1890లో బెర్లిన్ మహాసభలో, దాన్ని సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అంత పెద్దవాడు అలా ఒప్పుకున్నాడన్న సంగతి మీరు మనసులో ఉంచుకోండి. దానితో నాకు కాసేపట్లో పని ఉంది.

మన అలమారలో ఉన్నవి

ఇప్పుడు ఒక్కొక్క సీసానూ తీసి చూద్దాం.

మొదటిది స్పిరిట్. ఇంజక్షనుకు ముందు చల్లగా రాసేది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్టు, ఆల్కహాలు తగిలితే సూక్ష్మజీవి శరీరంలోని ప్రొటీన్లు గడ్డకడతాయి. ఈ పనికి నీళ్లు కూడా అవసరం. అందుకే నూటికి నూరు శాతం ఆల్కహాలు కంటే 70 శాతం ఆల్కహాలే బాగా పనిచేస్తుంది. రాసి, ఆరనివ్వాలి. తడిగా ఉండగానే సూది గుచ్చితే మంట తప్ప లాభం లేదు. పుండు మీద స్పిరిట్ పోయకూడదు. అది కండనూ గడ్డకట్టించి, ఆ పొర కింద క్రిములకు దాక్కునే చోటిస్తుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మనం చేతులకు రాసుకున్న శానిటైజర్ కూడా ఈ జాతిదే. రాసుకుని ఆరకముందే పొయ్యి దగ్గరకు వెళ్లరాదు. ఇక తాగడం సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే ఏడు జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో, మద్యం దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

రెండోది అయోడిన్. చిన్నప్పుడు దెబ్బ తగిలితే టింక్చర్ వేస్తారని తెలిసి మనం ఇంట్లోంచి పారిపోయేవాళ్లం. ఆ మంటకు సగం కారణం అందులోని ఆల్కహాలు. 1950లలో అయోడిన్‌ను పోవిడోన్ అనే పదార్థంతో జతచేసి, కొంచెం కొంచెంగా విడుదలయ్యేట్టు చేశారు. బెటాడిన్ వంటి పేర్లతో దొరికే గోధుమరంగు మందు అదే. 10 శాతం పోవిడోన్ అయోడిన్‌లో పనిచేసే అయోడిన్ 1 శాతం. ఇది బాక్టీరియాను, వైరస్‌లను, బూజు జాతి క్రిములను కూడా చంపుతుంది. రాశాక కనీసం రెండు నిమిషాలు ఆరనివ్వాలి. రక్తం, చీము ఉంటే దాని శక్తి తగ్గిపోతుంది. అందుకే ముందు కడగాలి, తరువాత రాయాలి. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా పెద్ద గాయాల మీద, ఎక్కువ రోజులు వాడకూడదు. పసిపిల్లలకూ అంతే.

మూడోది నీళ్లలో వేస్తే పాలలా మారేది. డెటాల్ అంటే తెలియని ఇల్లు లేదు. అందులో ముఖ్యమైనది క్లోరోజైలెనాల్, 4.8 శాతం. మిగిలినవి దేవదారు జాతి నూనె, ఆల్కహాలు, సబ్బు వంటివి. నీళ్లు కలిపితే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోవడం వల్ల ఆ తెల్లదనం వస్తుంది. ఇది సూక్ష్మజీవి పైపొరను చెడగొట్టి, లోపలి పదార్థం కారిపోయేలా చేస్తుంది. గాయానికైతే సీసా మీద రాసిన కొలత ప్రకారం, సుమారు ఇరవై వంతుల్లో ఒక వంతు మందు, మిగిలినవి నీళ్లు. నీళ్లు కలపకుండా గాయానికి రాయరాదు. దాన్ని దూదికి తడిపి కట్టు కింద బిగించడం అసలు చేయకూడదు.

నాలుగోది క్లోర్‌హెక్సిడిన్. 1950లలో ఇంగ్లండులో తయారైంది. సావ్లాన్ అనే పేరుతో మనకు తెలిసిన ద్రావణంలో ఇది, సెట్రిమైడ్ కలిసి ఉండేవి. పంటి డాక్టరు పుక్కిలించమని ఇచ్చేదీ ఇదే. బాక్టీరియా పైపొర మీద రుణ విద్యుదావేశం, ఈ మందు మీద ధన విద్యుదావేశం ఉంటాయి. రెండూ అతుక్కుంటాయి, పొర చిట్లుతుంది. చర్మానికి అంటుకుని చాలా గంటలు పనిచేయడం దీని గొప్ప. మామూలు సబ్బు దీనికి విరుగుడు. చర్మం మీద సబ్బు మిగిలి ఉంటే మందు పని పోతుంది. కాబట్టి సబ్బుతో కడిగి, మంచినీళ్లతో పూర్తిగా తొలిచి, తరువాతే రాయాలి. కంట్లో పడకూడదు. చెవిలో అసలే పోయకూడదు, వినికిడి పోయే ప్రమాదం ఉంది.

అయిదోది హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండు మీద పోస్తే బుసబుసమని నురగ వస్తుంది. ఆ నురగ చూసి క్రిములన్నీ చచ్చిపోతున్నాయని సంబరపడతాం. నిజానికి మన రక్తంలో, కండలో ఉండే కాటలేజ్ అనే ఎంజైము ఆ మందును నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్ల వచ్చే నురగ అది. మట్టి, గడ్డకట్టిన రక్తం పైకి తేలడానికి పనికొస్తుంది. క్రిములను చంపే శక్తి మాత్రం ఆ నురగతోనే అయిపోతుంది. మురికి గాయానికి ఒకసారి సరే. రోజూ పోస్తే కొత్తగా పుడుతున్న కండను మనమే చంపుకున్నట్టు. మందుల షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం ఉంటుంది. దాన్ని సగానికి పలచన చేయాలి. లోతుగా, మూతి సన్నగా ఉన్న పుండులోకి పిచికారీ చేయకూడదు. ఆ వాయువు రక్తనాళాల్లోకి పోతే ప్రాణాపాయం.

ఆరోది పొటాషియం పర్మాంగనేట్. రసి కారే చర్మవ్యాధులకు, కాళ్లు నానబెట్టడానికి డాక్టర్లు ఇప్పటికీ రాస్తారు. పది లీటర్ల నీళ్లకు ఒక్క గ్రాము. నీళ్లు లేత గులాబీ రంగులో ఉండాలి. ముదురు వంకాయ రంగుకు వచ్చిందంటే అది మందు కాదు, మంట. కరగని పలుకు చర్మానికి అంటితే కాలుతుంది.

ఇక మనం బడిలో చదివేటప్పుడు మోకాళ్లకు పూసుకున్న ఎర్ర మందు. మెర్కురోక్రోమ్. అందులో పాదరసం ఉంటుంది. 1998లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని సురక్షితమైనదిగా గాని, సమర్థమైనదిగా గాని ఒప్పుకోలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. దాని రంగు వల్ల పుండు చుట్టూ ఎరుపెక్కిందో లేదో తెలియదు. మీ ఇంట్లో పాత సీసా ఉంటే దాన్ని ఇక వాడకండి.

మందు మంచిదైతే మరి ఇబ్బంది ఏమిటి?

మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో సైనికుల గాయాలను అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పరిశీలించాడు. ఆ తరువాత 1928లో పెనిసిలిన్‌ను కనుగొన్నది ఈయనే. లోతైన గాయాల్లో చిక్కటి యాంటీసెప్టిక్‌లు పోస్తే మేలు కంటే కీడే ఎక్కువగా జరుగుతోందని ఆయన చూపించాడు. గాయం సందుల్లో, చీలికల్లో దాగిన క్రిముల దాకా మందు చేరదు. కాని అక్కడ క్రిములను మింగడానికి మన శరీరం పంపిన తెల్ల రక్తకణాలను మాత్రం చంపేస్తుంది. అంటే దొంగలను పట్టడానికి వచ్చిన పోలీసులను మనమే కొట్టినట్టు.

అందుకే గాయానికి మొదటి మందు నీళ్లే. శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తే మట్టి, చచ్చిన కండ, క్రిములు కొట్టుకుపోతాయి. ఆ తరువాత అవసరమైతేనే యాంటీసెప్టిక్.

నేను చేసిన తప్పు

ఇప్పుడు లిస్టర్ సంగతి గుర్తు చేసుకోండి. నేనూ ఒకటి ఒప్పుకోవాలి.

1979లో నేనొక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఏ ఊరో చెప్పను. వార్డులకు, డ్రెస్సింగ్ గదికి సెట్రిమైడ్ లోషన్ కలిపి పంపడం నా పని. పెద్ద గోధుమరంగు సీసాలు, వాటికి బెండు బిరడాలు. వారానికోసారి సీసాలు వచ్చేవి. సగమో, పావో మిగిలి ఉండేవి. మిగిలినదాని మీదే కొత్తది పోసి నింపి పంపేవాణ్ణి. మందు వృథా చేయకూడదు గదా అని. పైగా ఇండెంటు పెట్టినంత సరుకు ఎప్పుడూ వచ్చేది కాదు. ఇవి సంజాయిషీలు. నేను ఆ పని చేశానన్నదే నిజం.

ఒక నెలలో ఆపరేషన్లు అయిన ముగ్గురికి కుట్లు విడిపోయాయి. కట్టు విప్పితే చీము నీలి ఆకుపచ్చగా, ఒక రకమైన తియ్యటి వాసనతో ఉంది. సర్జన్ గారు కత్తెరలు పరీక్షకు పంపారు, దూది పంపారు, చివరకు లోషన్ సీసాలు కూడా పంపారు. రిపోర్టు వచ్చింది. సూడోమోనాస్ అనే బాక్టీరియా. అది ఉన్నది కత్తెరలో కాదు, దూదిలో కాదు. నా లోషన్‌లో.

సర్జన్ గారు నన్ను పిలిపించారు. కేకలు వేయలేదు. "ఏమండీ, ఈ సీసాలు ఎప్పుడు కడిగారు?" అని అడిగారు.

"ఖాళీ అయితే గదండీ కడగడానికి" అన్నాను. అన్న తరువాత నా మాట నాకే వినిపించింది. మీద మీద నింపుతూ పోతే సీసా ఎప్పటికీ ఖాళీ కాదు. ఎన్నేళ్లుగా కడగలేదో నాకే తెలియదు. బెండు బిరడా మందును పీల్చుకుని దాని శక్తిని తగ్గిస్తుంది. ఆ బిరడా రంధ్రాల్లో క్రిమి కాపురం పెడుతుంది. పలచబడిన పాత మందులో అది అలవాటు పడి పెరుగుతుంది. సెట్రిమైడ్ ద్రావణాల్లో ఈ సూడోమోనాస్ పెరుగుతుందని ఇంగ్లండులో లోబరీ అనే శాస్త్రవేత్త 1951లోనే రాశాడు. నేను చదవలేదు. నా ఉద్దేశంలో క్రిములను చంపే సీసాలో క్రిమి ఉండటమనేది అసంభవం.

ఆ ముగ్గురిలో ఇద్దరు పది రోజుల్లో తేరుకున్నారు. మూడో ఆయన ఒక పెద్దాయన, రైతు. కోతల కాలంలో ఏడు వారాలు మంచం మీదే ఉండిపోయారు. ఇంటికి వెళ్లే రోజున డిస్పెన్సరీ కిటికీ దగ్గరకొచ్చి చేతులు జోడించి, "బాబూ, మీ మందుల వల్లే బతికి బయటపడ్డాను" అన్నారు. నేను ప్రతినమస్కారం పెట్టాను. ఆయనను మంచాన పడేసింది ఆ మందేనని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన పొలం ఆ ఏడు ఎవరు కోశారో కూడా అడగలేదు.

ఆ రోజు నుంచి ఉద్యోగంలో ఉన్నంత కాలం ఏ సీసానూ మీద మీద నింపలేదు. మిగిలింది పారబోసి, సీసా కడిగి, మరిగించి, ఆరబెట్టి, కొత్త మందు పోసి, తేదీ వేసి పంపేవాణ్ణి. బెండు బిరడాలు తీసివేయించాను. ఎవరైనా "అంత మందు పారబోస్తారేమిటండీ" అంటే ఆ పెద్దాయన నమస్కారం గుర్తుకొచ్చేది.

ఈ కథ మీకెందుకంటే, మీ స్నానాల గదుల్లో నేనూ చూశాను. నీళ్లు కలిపిన యాంటీసెప్టిక్‌ను పాత కూల్‌డ్రింకు సీసాలో పోసి నెలల తరబడి ఉంచుతారు. అదీ నా సీసా లాంటిదే. ఏ రోజుకారోజు కలుపుకోండి. మిగిలితే పారబోయండి. కూల్‌డ్రింకు సీసాలో పోస్తే మనవడు తాగే ప్రమాదం వేరే ఉంది.

ఇంటికి వెళ్లాక చేయవలసినవి

మొదటిది, చిన్న గాయమైతే ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. గాయాన్ని కుళాయి కింద అయిదు నిమిషాలు ధారగా కడగండి. శుభ్రమైన గుడ్డతో అద్ది, చుట్టూ ఒకసారి పోవిడోన్ అయోడిన్ రాసి, గాలి ఆడేలా కట్టు కట్టండి. పసుపు, కాఫీ పొడి, బూడిద వద్దు. పసుపులో సుగుణం లేదని నేననను. కాని వంటింటి డబ్బాలోని పసుపు క్రిమిరహితం కాదు.

రెండోది, మట్టి, పేడ అంటిన గాయం, మేకు గుచ్చుకున్న గాయం. ధనుర్వాతం క్రిమి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. స్పిరిట్ దాన్ని ఏమీ చేయదు. గాలి చొరబడని లోతులో అది లేస్తుంది. దానికి టీకాయే మార్గం. మనం టి.టి. అని పిలిచేదాని స్థానంలో 2019 నుంచి ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో టి.డి. ఇస్తున్నారు. పదేళ్లకొకసారి వేయించుకోవాలి. మనలో ఎంతమందికి చివరిసారి ఎప్పుడు వేయించుకున్నామో గుర్తుంది?

మూడోది, కుక్క కాటు. కారం, సున్నం, ఆకు పసరు పెట్టవద్దు. సబ్బు పెట్టి, ధారగా నీళ్లు పోస్తూ గడియారం చూసి పదిహేను నిమిషాలు కడగండి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో చేసింది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. తరువాత పోవిడోన్ అయోడిన్ రాసి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించాలి. కడగడం టీకాకు బదులు కాదు, టీకా కడగడానికి బదులు కాదు. రెండూ కావాలి.

నాలుగోది, కాలిన గాయం. సిరా, టూత్‌పేస్టు, దోసెల పిండి ఏదీ వద్దు. ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల కింద ఉంచండి. మంచుగడ్డ వద్దు. బొబ్బలు చిదపవద్దు. అరచేతి కంటే పెద్దదైతే, ముఖం మీదైతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అయిదోది, షుగరు ఉన్నవారికి ప్రత్యేకం. రోజూ రాత్రి పడుకునే ముందు దీపం దగ్గర రెండు పాదాలూ చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూడండి, లేదా ఇంట్లో వారిని చూడమనండి. మీకు నొప్పి తెలియదు, కంటికి కనిపించాలి. పాదం మీద పుండు కనిపిస్తే సొంత వైద్యం వద్దు. మర్నాడే డాక్టరుకు చూపించండి. ఏ గాయమైనా చుట్టూ ఎర్రబడినా, వేడెక్కినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇక అది సీసా పని కాదు.

ఆరోది, ఇంటికి వెళ్లి అలమార తెరిచి సీసాలన్నీ బల్ల మీద పెట్టండి. తేదీ దాటినవి, పేరు చెరిగిపోయినవి పక్కకు తీసేయండి. చివరకు ఒక సబ్బు, ఒక పోవిడోన్ అయోడిన్, నాలుగు శుభ్రమైన కట్టుగుడ్డలు మిగిలితే చాలు. మనలాంటి వారి ఇంటికి అంతకంటే అక్కర్లేదు.

మన మాస్టారు గారు ఈవేళ ఉదయం నన్ను పలకరించి, "నా వేలు పోయింది సరే, ఇంకొకరిది పోకుండా చెప్పండి" అన్నారు. వారి మాట మీకు అప్పజెప్పాను. ఆ రైతు పెద్దాయనకు ఆ రోజు చెప్పలేకపోయిన మాటను ఇన్నేళ్లకు మీ ముందు చెప్పుకున్నాను. నాకు కొంత తేలికైంది.

భోజనాలు సిద్ధంగా ఉన్నట్టు కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. అందరూ చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.